తమ్ముడు జూలో కోతుల దగ్గర పనికి కుదిరాడు. దోమలు, పిడుదుల వల్ల జబ్బులొస్తాయా?

మక్తల్ అక్క:

అందరికీ నమస్తే. మాది మక్తల్ దగ్గర పల్లె. మా తమ్ముడు డిగ్రీ మధ్యలో ఆపేసి కొన్నాళ్లు ఖాళీగా తిరిగాడు. ఈ మధ్యనే ఔట్‌సోర్సింగ్ కింద ఒక పెద్ద జూలో యానిమల్ కీపర్ పని దొరికింది. ఏనుగులో జింకలో కాదు, కోతుల సెక్షన్లో వేశారు. పొద్దున్నే నైట్ హౌస్ (రాత్రిళ్లు కోతులను ఉంచే గది) కడగడం, పండ్లు కోసి పెట్టడం, తొట్లలో నీళ్లు మార్చడం వాడి డ్యూటీ. వాడికి పని నచ్చింది. చాలా రోజుల తర్వాత ముఖంలో కళ కనిపిస్తోంది.

గొడవంతా మా అమ్మతోనే. మా పెద్దమ్మ కొడుకు చిక్కమగళూరు వైపు కాఫీ తోటల్లో పనికి పోయి వచ్చాడు. అక్కడ అడవిలో కోతి చచ్చిపడితే ఆ పక్కకు ఎవరినీ పోనివ్వరనీ, కోతి జ్వరం వచ్చి మనుషులు కూడా చనిపోయారనీ మా ఇంట్లో కూర్చుని చెప్పి పోయాడు. ఆ రోజు నుంచి అమ్మకు నిద్ర లేదు. "ఆ కోతుల కొలువు కంటే హమాలీ పని నయం, వాణ్ని పిలిపించు" అని రోజూ నా పానం తీస్తోంది.

తమ్ముడేమో నైట్ హౌస్ దగ్గర దోమలు విపరీతంగా ఉన్నాయంటాడు. కోతిని కుట్టిన దోమే వీణ్ని కుడితే ఏమైనా వస్తుందా? సెలవు దొరికినప్పుడల్లా ఇంటికొస్తాడు, ఆ బట్టలు నేనే ఉతుకుతాను. నాకు పాలు తాగే పాప ఉంది, నాన్నకు షుగర్. తెలిసినవాళ్లు చెప్పండి. ఊరికే భయపెట్టకండి, ఊరికే ధైర్యమూ చెప్పకండి.

గద్వాల పోరడు:

అక్కా, మా వాడకట్టులో పొద్దున లేస్తే కోతుల మంద పెంకుల మీద దునుకుతూ ఉంటుంది. జబ్బు వచ్చేదుంటే ముందు మాకు రావాలి. మీ తమ్ముడి కోతులు కనీసం బోనులో ఉన్నాయి, మావి వంటింట్లో ఉన్నాయి. కొలువు మాత్రం మానిపించకు, మళ్లీ దొరకదు.

అచ్చంపేట కంపౌండర్ (రిటైర్డ్):

చెల్లె, నేను పశువుల కంపౌండర్‌గా చేరి, జూ ఆసుపత్రికి డిప్యుటేషన్ మీద పోయి, సర్వీసులో ఎక్కువ భాగం అక్కడే గడిపాను. పైన తమ్ముడు తమాషాకు రాశాడు గానీ మీ అమ్మ భయం ఊరికే పుట్టింది కాదు. ఆ జబ్బు నిజమే. కాకపోతే మీ అన్న చెప్పింది అడవి సంగతి.

కోతి జ్వరం అసలు పేరు క్యాసనూర్ ఫారెస్ట్ డిసీజ్. 1957లో కర్ణాటక శివమొగ్గ జిల్లాలో క్యాసనూర్ అనే అడవి దగ్గర కోతులు వరసగా చచ్చిపోతుంటే బయటపడింది. ఇది దోమతో రాదు, పిడుదుతో వస్తుంది. మనం గొర్ల చెవుల్లోంచి, బర్రె పొదుగు పక్కనుంచి పీకేసే గోమార్ల జాతే, కానీ అడవి రకం. అందులోనూ మనిషిని ఎక్కువగా పట్టేది పూర్తిగా ఎదగని పిల్ల పిడుదు, నువ్వుగింజ కంటే చిన్నది. కుట్టింది కూడా తెలియదు. ఆ వైరస్ అడవి ఎలుకల్లో, చుంచుల్లో, పిడుదుల్లో తిరుగుతూ ఉంటుంది. కొండముచ్చుకో కోతికో ఎక్కిందంటే రక్తంలో విపరీతంగా పెరిగి అదే చచ్చిపోతుంది. చచ్చిన కోతి ఒళ్లు చల్లబడగానే దాని మీది పిడుదులన్నీ దిగి చుట్టూ గడ్డిలో, రాలిన ఆకుల్లో పడతాయి. అందుకే కోతి చచ్చిన చోటికి జనాన్ని పోనివ్వరు. జబ్బు పడ్డవారిలో వందకు ముగ్గురు నుంచి ఐదుగురి దాకా చనిపోతారంటారు. మనిషి నుంచి మనిషికి మాత్రం అంటదు. ఇప్పటిదాకా కర్ణాటకతో పాటు కేరళ, తమిళనాడు, గోవా, మహారాష్ట్రల పడమటి కనుమల పట్టీలో కనిపించింది.

ఇక జూ. కొత్తగా వచ్చిన కోతిని తెచ్చినట్టే మందలో వదలరు. ముందు క్వారంటైన్లో పెట్టి, రక్తం, పేడ పరీక్షలు చేసి, ఒంటి మీద పురుగూ పుట్రా చూసి ఆ తర్వాతే కలుపుతారు. నైట్ హౌస్ సిమెంటు గచ్చు, రోజూ కడుగుతారు. అక్కడ పిడుదు గుడ్లు పెట్టి పిల్లలు చేయడం కష్టం. పైగా కోతుల సంగతి మీకు తెలుసు కదా, పొద్దస్తమానం ఒకదాని వెంట్రుకలు ఒకటి పాయలు తీసి ఏం దొరికినా నోట్లో వేసుకుంటుంది. నా సర్వీసులో పిడుదులు పీకింది ఎక్కువగా చుక్కల దుప్పుల చెవుల్లోంచే. కోతి ఒంటి మీద కనపడితే, అది జబ్బుతో మూలిగి మిగతావి దగ్గరికి రానిచ్చుకోని కోతి అయి ఉండేది.

దోమ సంగతికి వస్తా, అక్కడ కొంచెం నిదానంగా చదువు. కోతులకు వాటి సొంత మలేరియాలు ఉన్నాయి. అందులో నోలెసి అనే రకాన్ని 1930ల మొదట్లో కలకత్తాలోనే కనిపెట్టారు, సింగపూర్ నుంచి తెప్పించిన కోతి రక్తంలో. ఇప్పుడు మలేషియాలో అది మనుషులకు పెద్ద సమస్య. మనుషుల మలేరియాను దాదాపు తరిమేశారు గానీ ఈ కోతి మలేరియా మాత్రం ఏటా వేల మందికి వస్తోంది. అక్కడ దాన్ని మోసేది దట్టమైన అడవుల్లో ఉండే ఒక జాతి అనాఫిలస్ దోమ. మన వైపు మలేరియా మోసేవి వేరే అనాఫిలస్‌లు. పల్లెల్లో వరి మళ్లు, కాలువల దగ్గర పెరిగేది ఒకటి, పట్నంలో ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో పెరిగేది ఒకటి. ఏ దోమ పడితే ఆ దోమ ఏ జబ్బు పడితే ఆ జబ్బు మోయదు. దాని కడుపులో ఆ క్రిమి బతికి, పెరిగి, ఉమ్మి గ్రంథుల దాకా రావాలి. చాలా దోమల్లో అది దారిలోనే చచ్చిపోతుంది.

అయితే బోనులో ఉన్న కోతి నుంచి దోమ ద్వారా మనిషికి ఎన్నడూ రాలేదా అంటే, వచ్చింది. 1960లో అమెరికాలో మలేరియా మీద పనిచేసే ల్యాబ్‌లో కోతి మలేరియా అక్కడి సిబ్బందికే అంటింది. కానీ అక్కడ జబ్బున్న కోతులనూ, దాన్ని మోయగలిగే దోమలనూ వాళ్లే పెంచి, వాటిచేత వీటిని కుట్టించేవాళ్లు. జూలో అన్నీ అట్లా కుదిరే అవకాశం చాలా తక్కువ. ఇది ఊరికే చెప్పే ధైర్యం కాదు, అడిగావు కాబట్టి రెండు వైపులా చెప్తున్నా.

మీ తమ్ముణ్ని నిజంగా కుట్టే దోమ ఏదో చెప్పనా? కాళ్ల మీద తెల్ల చారలుండే ఏడిస్, పట్టపగలు కుట్టేది. దానితో వచ్చేది డెంగీ, చికున్‌గున్యా. ఆ దోమకు డెంగీ ఎక్కించేది కోతి కాదు, టికెట్ కొనుక్కుని వచ్చిన మనం! వానాకాలంలో ఆదివారం వచ్చే వేలమందిలో ఒంట్లో డెంగీ ఉండి, మాత్ర వేసుకుని పిల్లలను తిప్పే తండ్రి ఒక్కడుంటే చాలు. అతణ్ని కుట్టిన దోమ ఓ వారం పది రోజులకు వైరస్ మోయడానికి తయారవుతుంది. తర్వాత రోజూ అక్కడే ఉండే మనిషిని కుడుతుంది. రోజూ అక్కడ ఉండేది ఎవరు? కీపర్.

ఇప్పుడు అసలు సంగతి. కోతుల ఎన్‌క్లోజర్లో ఊగడానికి లారీ టైర్లు వేలాడదీస్తారు కదా. ఒక వాన పడిందంటే టైరు లోపలి గాడిలో చెంబెడు నీళ్లు నిలుస్తాయి. కోతి ఊగినా పూర్తిగా ఒలకవు. నేను టైరును వంచి ఆ నీళ్లను తెల్ల ఎనామిల్ ట్రేలో పోసేవాణ్ని. ఎండ తగలగానే లార్వాలన్నీ, అంటే దోమ పిల్లపురుగులన్నీ, గిలగిలా అడుగుకు పోయి, ఊపిరి కోసం మళ్లీ తలకిందులుగా పైకి తేలేవి. కొత్తగా చేరిన పిల్లలకు ఇది చూపిస్తే మర్నాటి నుంచి చెప్పకుండానే టైర్లు వంచేవాళ్లు. టైరు తర్వాత చెట్టు తొర్రలు, కోసిన వెదురు బోదెలు, నైట్ హౌస్ వెనక పారేసిన పగిలిన తొట్లు. కందకంలో నీళ్లుంటే గంబూసియా చేపలు వదులుతారు, అవి లార్వాలను తినేస్తాయి. టైర్లోకి చేపను వదల్లేం కదా.

ఇంకో మాట. జబ్బు ఎప్పుడూ జంతువు నుంచి మనకే వస్తుందని అందరూ అనుకుంటారు. కాంగోలో బొనోబోలనే వానరాలను సాకే కేంద్రం ఉంది. మన ఫాల్సిపరం మలేరియా అక్కడి బొనోబోల రక్తంలో దొరికింది. అంటే దోమ మనిషి నుంచి వాటికి మోసింది. 2000లో ఒడిశా నందన్‌కానన్‌లో పులులు వరసగా చచ్చిపోయాయి, పేపర్లలో చదివే ఉంటారు. అది సర్రా జబ్బు, మోసేది జోరీగ, మన గొడ్లను పట్టేదే. కీపర్ పొద్దున్నే లార్వాల మీద, ఈగల మీద కన్నేశాడంటే తనను కాపాడుకుంటున్నాడు, బోనులో ఉన్నదాన్నీ కాపాడుతున్నాడు.

నకిరేకల్ హెల్త్ అసిస్టెంట్:

కంపౌండర్ గారూ, టైర్ల మాట నూటికి నూరు శాతం కరెక్ట్. నిలవ నీళ్లు పారబోయించే డ్రై డే రోజు మేం ఇళ్లలో డ్రమ్ములు, కూలర్లు బోర్లించేది ఇందుకే. అయితే మీరు దోమల మీదే మాట్లాడి వదిలేశారు. కోతుల దగ్గర పనిచేసేవాళ్లకు నాకు తెలిసి పెద్ద ప్రమాదం కాటు, గీరడం. అక్కా, మీ తమ్ముడికి రేబిస్ ముందస్తు టీకా వేయించారా? 0, 7, 21 రోజులకు మూడు డోసులు. కరిస్తే ముందు సబ్బుతో, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి, ఆ తర్వాత ఆసుపత్రికి పోవాలి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు. ముందే టీకా ఉన్నా కరిచాక మళ్లీ డోసులు పడతాయి, కాకపోతే తక్కువ. ఇంకోటి టీబీ. అది గాలిలో తుంపర్లతో అటూ ఇటూ పోతుంది. కీపర్‌కు దగ్గు రెండు వారాలు ఆగకపోతే తెమడ పరీక్ష చేయించుకోవాలి, ఆలోపు కోతుల దగ్గరికి పోవద్దు. వాటికి మన నుంచి అంటితే మంద మొత్తం పోతుంది.

బట్టల విషయం. దోమ జబ్బులు బట్టలతో రావు. పిడుదు మాత్రం బట్టల మడతల్లో రావచ్చు. కాబట్టి డ్యూటీ బట్టలు అక్కడే మార్చుకుని, కవర్లో కట్టి తెచ్చి, వేడినీళ్లలో నానబెట్టి ఉతకండి. పాపను ఎత్తుకునే ముందు స్నానం. అంతే, అంతకు మించి టెన్షన్ పడొద్దు.

జ్వరం వస్తే మాత్రం మెడికల్ షాపులో మాత్ర కొనుక్కుని పడుకోవద్దని గట్టిగా చెప్పండి. డెంగీ అయి ఉంటే బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ప్రమాదం, పారాసిటమాల్ ఒక్కటే వాడాలి. డాక్టర్ దగ్గర కూర్చోగానే "నేను జూలో కోతుల సెక్షన్లో పనిచేస్తా" అని మొదటి మాటగా చెప్పాలి. డాక్టర్ అడగరు, మనమే చెప్పాలి. మలేరియాకు రక్తపు పూత (రక్తపు చుక్కను గాజు పలక మీద పూసి చూసే పరీక్ష) తీయించుకోవాలి. కిట్ పరీక్ష నెగెటివ్ వచ్చినా జ్వరం తగ్గకపోతే మళ్లీ పూత చూడమనాలి.

ఇదే సందర్భంలో ఒకటి. మా మండలంలో బోదకాలు మాత్రలు పంచేటప్పుడు ఒక పెద్దాయన "ఇది కోతుల వల్లే కదా సార్" అన్నాడు. కాదు. మా నల్లగొండ వైపు ఉండే బోదకాలు పురుగు మనుషుల్లో తప్ప ఏ జంతువులోనూ ఉండదు. దాన్ని మోసేది మురికి కాలువల క్యూలెక్స్ దోమ. అన్ని పాపాలూ కోతి నెత్తిన పెట్టొద్దు.

మక్తల్ అక్క:

అన్నా, సార్, ఇద్దరికీ చాలా థాంక్స్. అమ్మకు చదివి వినిపించాను. పిడుదు సంగతి విన్నాక కొంచెం మెత్తబడింది. రేబిస్ టీకా వేయలేదట. వాణ్ని పెట్టిన ఏజెన్సీవాళ్లు గ్లౌజులు కూడా ఒక్క జతే ఇచ్చి, చిరిగితే సొంతంగా కొనుక్కొమ్మన్నారట. టీకా గవర్నమెంట్ ఆసుపత్రిలో వేస్తారా?

నకిరేకల్ హెల్త్ అసిస్టెంట్:

కరిచినవాళ్లకు పీహెచ్‌సీలో, ఏరియా ఆసుపత్రిలో ఫ్రీ. కరవకముందు వేసేది అన్ని చోట్లా దొరకదు, అడిగి చూడండి. జూలో పశు వైద్యుడు ఉంటారు కదా, వారి ద్వారా ఒక లెటర్ పెట్టిస్తే త్వరగా అవుతుంది. ఏజెన్సీని కూడా రాతపూర్వకంగానే అడగమనండి. నోటి మాటకు జవాబు రాదు.

మాగనూరు మేస్త్రీ:

నేను మనవాళ్లను కాఫీ కోతకు తీసుకుపోయే మేస్త్రీని. ఇక్కడ అందరూ జూ గురించే మాట్లాడుతున్నారు, నాకు నవ్వొచ్చింది. అక్కా, మీ అమ్మ తమ్ముడి గురించి కాదు, ఆ పెద్దమ్మ కొడుకు గురించి భయపడాలి. కాఫీ కోత నవంబరు, డిసెంబరుకు మొదలై ఫిబ్రవరి దాకా నడుస్తుంది. కోతి జ్వరం కాలం కూడా సరిగ్గా డిసెంబరు నుంచి మే దాకే. పాలమూరు నుంచి పోయినవాళ్లు తోట పక్క అడవిలోకి కట్టెలకు పోతారు, ఎండుటాకుల మీద కూర్చుని సద్దన్నం తింటారు. అక్కడివాళ్లు ఆ పని చేయరు. వాళ్లకు తెలుసు.

మలెనాడులో, అంటే ఆ కర్ణాటక కొండల వైపు, పిడుదులు పట్టకుండా ఆరోగ్య శాఖవాళ్లు ఒంటికి రాసుకునే నూనె పంచుతారు. కాళ్లకు, చేతులకు రాసుకుని తోటకు పోవాలి. వాసన పడక మనవాళ్లు పక్కన పడేస్తారు. నేనైతే రాసుకోనివాణ్ని కట్టెలకు పంపను. సాయంత్రం గుడిసెకు రాగానే వేడినీళ్ల స్నానం చేసి, చంకల్లో, మోకాళ్ల వెనక, నడుం పట్టీ దగ్గర పిడుదులున్నాయేమో ఒకరికొకరు చూసుకోవాలి. ఇంటికొచ్చాక వారం లోపల గట్టి జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు వస్తే మక్తల్‌లోనైనా రాయచూర్‌లోనైనా డాక్టర్‌కు "మలెనాడు నుంచి వచ్చా" అని చెప్పాలి. చెప్పకపోతే టైఫాయిడ్ అని సెలైన్ ఎక్కిస్తారు.

అచ్చంపేట కంపౌండర్ (రిటైర్డ్):

మేస్త్రీ, బంగారం లాంటి మాట చెప్పావు. నేను దీనికి ఇటువైపు కొస కలుపుతా. మా నల్లమలలో ఆ జబ్బు ఉందని నేను అనడం లేదు. అయినా శ్రీశైలం రోడ్డు మీద కార్లు ఆపి కోతులకు అరటిపండ్లు చేత్తో తినిపించేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. జూలో జంతువుకు తిండి పెడితే వన్యప్రాణి చట్టం కింద నేరం. రోడ్డు మీద మాత్రం పుణ్యమనుకుంటారు. మన ఊళ్లల్లో ఒకచోటే రెండు మూడు కోతులు చచ్చి కనిపిస్తే దండ వేసి, డప్పుతో ఊరేగించి, పిల్లలతో సహా చుట్టూ కూర్చుంటారు. దేవుడి మీద భక్తి ఉండనీ, నాకూ ఉంది. కానీ ముందు ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకో, పశువుల డాక్టర్‌కో చెప్పండి. వాళ్లు చూసి పోయేదాకా చేత్తో ముట్టొద్దు. 1999లో న్యూయార్క్‌లో కాకులు రాలిపోతుంటే బ్రాంక్స్ జూలో జంతువుల డాక్టరమ్మ తన జూ పక్షులు కూడా చావడం చూసి, అప్పుడే ఊళ్లో మనుషులకు వస్తున్న మెదడువాపుకూ దీనికీ లంకె ఉందని పట్టుపట్టింది. దోమలు మోసే వెస్ట్ నైల్ వైరస్ అమెరికాలో అట్లా బయటపడింది. చచ్చిన జంతువును డాక్టర్‌కు చూపించడం అంత పెద్ద పని.

మక్తల్ అక్క:

తమ్ముడు ఇంటికొచ్చాడు, నా ఫోన్లోనే వాడు రాస్తున్నాడు, చదవండి.

అన్నా నమస్తే, నేను తమ్ముణ్ని. మీరు చెప్పినట్టే టైర్లు వంచి చూశాను. నీళ్లున్నాయి, నిండా పురుగులే. రోజూ వంచాలంటే కోతులన్నిటినీ లోపలికి తోలాలి, వానలప్పుడు అది కుదరదు. అడుగున రంధ్రం పెడదామంటే మా సూపర్‌వైజర్ వద్దన్నాడు, లోపల తీగలు బయటికొస్తే కోతుల చేతులు కోసుకుంటాయని. ఏం చేయమంటారు?

అచ్చంపేట కంపౌండర్ (రిటైర్డ్):

మీ సూపర్‌వైజర్ తెలివైనవాడు తమ్మి, అతని మాట విను. రేడియల్ టైర్లో ఇనుప తీగల అల్లిక ఉంటుంది. డ్రిల్లు వేస్తే తీగ కొనలు విచ్చుకుంటాయి, కోతి వేలు పెట్టి లాగకుండా ఉండదు. ఆ టైర్లు తీసేయమనండి. పాత నైలాన్ టైర్లు ట్రాక్టర్ మెకానిక్‌ల దగ్గర దొరుకుతాయి. వాటి నడిభాగంలో తీగలుండవు, అంచుల్లోనే ఉంటాయి. కాబట్టి అంచుకు దూరంగా, వేలాడదీసినప్పుడు కిందికొచ్చే చోట, ఎర్రగా కాల్చిన చువ్వతో రెండు వేళ్లు పట్టేంత రంధ్రం పెట్టాలి. చిన్నదైతే ఎండుటాకు అడ్డంపడి మూసుకుపోతుంది. మరీ పెద్దదైతే కోతిపిల్ల చెయ్యి ఇరుక్కుంటుంది.

అంతకంటే మంచిది, ఫైర్ స్టేషన్ల దగ్గర పనికిరాని నీళ్ల పైపులు ఉంటాయి, గట్టి గుడ్డతో అల్లినవి. ఆఫీసు నుంచి లెటర్ పెట్టించి అడగండి. వాటిని పట్టీలుగా కోసి జడలాగా అల్లి వేలాడదీస్తే నీళ్లు నిలవవు, కోతులు టైరు కంటే దాని మీదే ఎక్కువ ఊగుతాయి. కొనలు గట్టిగా ముడివేసి బోల్టు బిగించు. ఉరి పడేలా వదులు లూపు ఎక్కడా ఉండకూడదు. మొదటి రోజు గంటసేపు అక్కడే నిలబడి చూసుకో.